మాస్టారి ఎర్రగీత

మార్చి 3

తమ్ముడికి,

నిన్న సాయంత్రం ఆఫీసు తాళాలు ఇంటి ఓనరుకి ఇచ్చేశాను. పద్నాలుగేళ్లు ఎక్కి దిగిన మెట్లు. కింద దర్జీ కొట్టాయన బయటికొచ్చి, "ఏమ్మా, కంపెనీ ఎత్తేశారా?" అని అడిగాడు. "లేదండీ, ఇకనుంచి అందరం ఇళ్ల దగ్గరనుంచే పనిచేస్తాం" అన్నాను. "అలాగా" అంటూ ఆయన తలాడించిన తీరు ఉందే, పోయినవాళ్లింటికి పలకరింపుకి వచ్చినట్టుంది. నేను చెప్పింది నిజమే. అయినా అబద్ధమాడి దొరికిపోయినదానిలా గబగబా మలుపు తిరిగేశాను.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు. కానీ ఫోనులో నేను మాట్లాడుతుంటే నువ్వు "ఊ" కొడతావు, ఐదు నిమిషాలకల్లా ఇద్దరం పనిలో పడిపోతాం. రేపటినుంచి రోజూ పదింటికి తెరమీద నువ్వు నాకు ఉద్యోగివి. నా తమ్ముడితో మాట్లాడాలనిపిస్తే మాత్రం ఇలా కాగితం మీదే మాట్లాడతాను. నువ్వూ అలాగే రాయి.

పని నీకు కొత్త కదా, రెండు మాటలు. మందుల పెట్టెలో మడతలు మడతలుగా ఒక సూచనల కాగితం ఉంటుంది చూడు, చాలామంది చదవకుండా పారేసేది, దాన్ని మన భాషలోకి తేవడమే మన బతుకుతెరువు. నువ్వూ ఇంకో ఇద్దరూ అనువాదం చేస్తారు. బొమ్మలమ్మాయి బొమ్మలూ రాతా సర్ది అచ్చుకి పేజీలు కడుతుంది. చివరికి అన్నీ కామా మాస్టారి దగ్గరికి వెళతాయి. బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. కామా ఉండాల్సినచోట లేకపోతే ఆయనకి ముద్ద దిగదు, అందుకే ఆ పేరు. ఆయన చూడని కాగితం ఇంతవరకు మన గడప దాటలేదు.

ఈ ఏర్పాటు వల్ల అందరికీ మంచే జరుగుతుందని నాకు నేను చెప్పుకుంటున్నాను. బొమ్మలమ్మాయి ఎనిమిది నెలల పాపని వదిలి రానక్కర్లేదు. మాస్టారు ఆ మోకాళ్లతో రెండు బస్సులు మారనక్కర్లేదు. రెండేళ్లుగా ఉద్యోగం లేక నలిగిపోయిన నా తమ్ముడు, అంత దూరాన ఉండి కూడా, నా దగ్గర పనిచేయగలుగుతున్నాడు. ఒకటే బెంగ. ఇన్నాళ్లూ తలెత్తితే అందరూ కనిపించేవాళ్లు. ఎవరికి తలనొప్పి, ఎవరు ఇంట్లో గొడవపడి వచ్చారు, ముఖం చూస్తే తెలిసిపోయేది. ఇకమీదట ఏం చూసి తెలుసుకోవాలిరా?

మరదలికి, నా మేనకోడలికి ముద్దులు.

అక్క

*

మార్చి 16

అక్కకి,

నీ ఉత్తరం అందింది. పోస్టువాడు దాన్ని రెండుసార్లు తిప్పి చూసి ఇచ్చాడు, ఇంకా ఇలాంటివి రాసేవాళ్లున్నారా అన్నట్టు.

నా ఆఫీసు ఎక్కడో చెబితే నవ్వుతావు. పడకగదిలో బీరువాకీ కిటికీకీ మధ్య నాలుగడుగుల చోటుంది. అక్కడ నీ మేనకోడలి పాత చదువుబల్ల వేశాను. మోకాళ్లు బల్లకి తగులుతాయి. మీటింగుకి పైన ఇస్త్రీ చొక్కా, కింద నిక్కరు. మొన్న నువ్వు "ఒక్కసారి లేచి ఆ కిటికీ మూసెయ్, చప్పుడొస్తోంది" అన్నప్పుడు నేను వినపడనట్టు నటించింది అందుకే.

అక్కా, రెండేళ్ల తర్వాత పొద్దున్నే గడ్డం గీసుకోవడానికి ఒక కారణం ఇచ్చావు. అది మాటల్లో చెప్పలేను. అయితే ఈ వీధిలో మాత్రం నేనింకా నిరుద్యోగినే. నీ మరదలు ఆసుపత్రి ల్యాబుకి డ్యూటీకి బయలుదేరుతుంది, పాప బడికి వెళుతుంది, నేను గుమ్మంలో నిలబడి చెయ్యూపుతాను. ఎదురింటావిడ నీ మరదల్ని పక్కకి పిలిచి, "మీవారికి ఇంకా ఏమీ దొరకలేదా?" అని అడిగిందట. "ఇంట్లోనుంచే చేస్తున్నారు" అంటే, "మా అల్లుడూ అలాగే చెప్పేవాడు" అందట. ఆరోజునుంచి ఆవిడ కనబడితే చెవి దగ్గర ఫోను పెట్టుకుని, ఎవరూ లేని ఫోనులో "ఫైలు పంపించండి" అంటూ నడుస్తున్నాను.

నీ బెంగ గురించి ఒక మాట. నా పాత కంపెనీలో ఒక ప్రోగ్రాం ఉండేది. ఎవరి కంప్యూటర్ ఎంతసేపు కదిలిందో సాయంత్రానికి పట్టీ వేసి చూపించేది. పని నడుస్తుంటే ఆకుపచ్చ, ఆగితే ఎరుపు. మాకు అప్పట్లో నచ్చేది కాదనుకో. నీకు ధైర్యంగా ఉంటుందంటే కనుక్కో.

బావగారికి నమస్కారాలు.

తమ్ముడు

*

ఏప్రిల్ 20

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు చెప్పిన ప్రోగ్రాం పెట్టించాను. సాయంత్రం ఐదున్నరకి ఒక్కొక్కరి పేరు పక్కన రోజంతా ఒక గీతగా వస్తుంది. మొదటిరోజు అది చూడ్డానికి తలుపు దగ్గరగా వేసుకున్నాను. ఎవరింట్లోనో కిటికీలోంచి తొంగిచూస్తున్నట్టనిపించింది. మీ బావ లోపలికొచ్చి, "ఏంటి దాచేస్తున్నావు?" అన్నారు. నేను నిజంగానే పక్కకి తిప్పేశాను. నాలుగోరోజుకి అలవాటైపోయింది. ఇప్పుడది చూడందే టీ తాగబుద్ధి కావడం లేదు.

నీ గీత చూస్తే కడుపు నిండుతుంది. పదినుంచి ఐదున్నరదాకా చిలక రెక్కలా ఒకటే ఆకుపచ్చ. పాపం భోజనానికైనా లేస్తున్నావా?

బొమ్మలమ్మాయిది ఫరవాలేదు. కామా మాస్టారిది మాత్రం ఎరుపు. పొద్దున ఒక చుక్క ఆకుపచ్చ, ఫైలు తెరిచినట్టుంది. తర్వాత ఆరు గంటలు ఎరుపు. చివర ఒక గంట మళ్లీ ఆకుపచ్చ. రోజూ ఇదే. మీటింగులో కెమెరా కూడా పెట్టరు. "కళ్లకి పడటం లేదమ్మాయ్" అంటారు. నిన్న ఫోను చేసి, "మాస్టారూ, పగలంతా ఏం చేస్తున్నారు?" అని అడిగాను. "చదువుతున్నానమ్మాయ్, ఇంకేం చేస్తాను" అన్నారు. నా ముందున్న గీతేమో ఎర్రగా ఉంది. అంత పెద్దాయన నాకు అబద్ధం చెబుతున్నారని అనుకోవడానికే సిగ్గేసింది. కానీ అనుకోకుండా ఉండలేకపోతున్నాను.

నీ కాగితాలన్నీ ఆయన దగ్గరికే కదా వెళ్లేది. సరిగ్గా చూస్తున్నారా? నువ్వు చెబితే నమ్ముతాను. ఇంకెవరినీ అడగలేను.

అక్క

*

మే 2

అక్కకి నమస్కారాలు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. బల్ల దగ్గర మధ్యాహ్నం రెండు దాటితే కిటికీ చువ్వలు పట్టుకోలేం. పాపకి బడి సెలవులు. నా కెమెరా ఎదుటనుంచి పాక్కుంటూ వెళ్లడం నేర్చుకుంది, నువ్వు చూసే ఉంటావు. నీ మరదలికి ఈ నెల డ్యూటీలు మారాయి.

మాస్టారి గురించి అడిగావు. ఆయన మీద నాకు గౌరవమే. వయసైంది కదా అక్కా. నా కాగితాల మీద పెద్దగా దిద్దుళ్లేమీ ఉండవు. చూస్తున్నారో, చూడకుండానే పంపేస్తున్నారో నేనెలా చెప్పగలను? నువ్వే కనుక్కో. నన్నడిగావని ఆయనకి చెప్పకు.

గీత పచ్చగా ఉందన్నంత మాత్రాన మనిషి పనిచేస్తున్నట్టూ కాదు, ఎర్రగా ఉందని చేయనట్టూ కాదు. అది కూడా చూసుకో.

పాప నీకో బొమ్మ గీసింది, జతచేశాను. అందులో పొడుగ్గా ఉన్నది నువ్వట.

తమ్ముడు

*

మే 27

తమ్ముడికి,

సోమవారం నువ్వు తెరమీదే ఉన్నావు, జరిగింది చూశావు. అయినా రాస్తే తప్ప నా మనసు కుదుటపడేట్టు లేదు.

అందరి గీతలూ తెరమీద పెట్టాలని ముందు అనుకోలేదు. ఆఫీసు ఉన్నరోజుల్లో ఎవరినైనా ఒక మాట అనాలంటే మెట్లమీదికి పిలిచి అనేదాన్ని. తెరమీద మెట్లు ఎక్కడున్నాయి? ఆరోజు పొద్దున ఒక కాగితం ఆలస్యమైంది, నాకు ఒళ్లు మండింది. "అందరం చూద్దాం, ఎవరు ఎంత పనిచేస్తున్నారో" అని పెట్టేశాను. "మాస్టారూ, ఈ ఎరుపు ఏమిటి? మా తమ్ముడి గీత చూడండి, మీదీ చూడండి. జీతం తీసుకునేవాళ్లకి కాస్త ఉండాలి కదా" అన్నాను. 'కాస్త' ఏమిటో నేను చెప్పలేదు. అందరికీ అర్థమైంది.

ఆయన ఆరోజు ఎందుకో కెమెరా పెట్టారు. ముఖం చాలా దగ్గరగా, నుదురు సగమే కనిపించింది. "నేను చదివానో లేదో కాగితాల్నే అడుగమ్మాయ్, గీతని కాదు" అన్నారు. అంతే, తెర నల్లబడింది. అది నాకు పొగరులా వినిపించింది. బుధవారం రాజీనామా వచ్చింది, రెండు వాక్యాలు. దాంతోపాటు తాళ్లతో కట్టిన ఒక పార్సెల్. ఆఫీసు నిఘంటువు, కుర్చీ దిండు వెనక్కి పంపించారేమో. విప్పబుద్ధి కాలేదు. మెట్లకింద పెట్టేశాను.

నేను చేసింది సరైనదే, కానీ చేసిన పద్ధతి తలుచుకుంటే ఒంటిమీద జెర్రులు పాకుతున్నాయి. నువ్వు తలదించుకుని కూర్చున్నావు, చూశాను. నీది మెత్తటి మనసు.

ఒకటో తారీకునుంచి మాస్టారి పని నువ్వే చూడు. అందరి కాగితాలూ చివరికి నీ చేతిమీదుగానే వెళతాయి. నీ సంగతి నాకు బాగా తెలుసు కాబట్టే ఇస్తున్నాను.

అక్క

*

జూన్ 6

అక్కా,

నీ సంగతి నాకు బాగా తెలుసు అని రాశావు. ఏం తెలుసు? వారం రోజులుగా ఆ వాక్యమే చదువుకుంటున్నాను. ఏదైనా తెలిస్తే నేరుగా అడుగు.

మాస్టారి పని నాకొద్దు. నేను తగను. వినయానికి అనడం లేదు. ఆయన్ని మళ్లీ పిలువు. ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

తమ్ముడు

*

జూన్ 14

పిచ్చి తమ్ముడా,

ఏం తెలుసంటే ఇంకేం తెలుసు, నీ నిజాయితీ తెలుసు, నీ పిరికితనం తెలుసు. పదో తరగతిలో క్లాసు లీడరుగా పెడితే కూడా ఇలాగే "నేను తగను" అని ఏడ్చావు. రెండేళ్లు ఖాళీగా ఉండటంతో నీమీద నీకే నమ్మకం పోయింది. అది తిరిగి రావాలంటే బరువు ఎత్తుకోవాల్సిందే. ఇక ఈ విషయం ఎత్తకు.

మాస్టారిని పిలవమన్నావు. పిలవడానికి నాకు ముఖం చెల్లడం లేదు.

అక్క

*

జూలై 1

తమ్ముడికి,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

కీళ్లవాతం మాత్రల కాగితం గుర్తుందా? వారానికి ఒక్కటే మాత్ర వేసుకోవాల్సిన మందు. మన కాగితంలో "రోజుకు ఒక మాత్ర" అని ఉంది. పదకొండు వేల కాగితాలు అచ్చయిపోయాయి. మందుల కంపెనీలో పెట్టెలు నింపే ఒకావిడ, మడత పెడుతూ ఊరికే చదివిందట. "మా అమ్మ ఇదే వాడుతుంది, వారానికి ఒకటే కదా" అని సూపర్‌వైజర్‌ని అడిగిందట. అలా ఆగింది. ఒక్క పెట్టె కూడా బయటికి పోలేదు. ఫోను చేసిన డాక్టరు నాతో ఏమన్నాడో తెలుసా? "రోజూ వేసుకుంటే రెండు వారాల్లో మనిషి పోతాడు మేడమ్" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

కాగితం నువ్వు రాసింది. చూసిందీ నువ్వే. రాసినవాడి చేతికే చూసే పని ఇచ్చింది నేను. అందులో నా తప్పు నాకుంది.

ఫోను పెట్టేశాక ఏం తోచక ఇల్లంతా తిరిగాను. మెట్లకింద మాస్టారి పార్సెల్ కనబడింది. విప్పాను. నిఘంటువు లేదు, దిండూ లేదు. కాగితాలు. మార్చినుంచి మేదాకా మనం చేసిన ప్రతి పేజీ, వీధిచివర కొట్టులో ప్రింటు తీయించుకున్నారు. తెరమీద చదివితే ఆయనకి అక్షరాలు అలుక్కుపోతాయట, ఒక చీటీమీద రాశారు. పగలంతా కాగితం మీద స్కేలు పెట్టుకుని వరసవరసగా చదివి, ఎర్ర పెన్నుతో దిద్ది, చివరి గంటలో కంప్యూటర్ ముందు కూర్చుని దిద్దుళ్లన్నీ ఎక్కించేవారు. ఆ ఆరు గంటల ఎరుపు అదీ! నేనడిగినప్పుడు ఆయన చెప్పింది అక్షరాలా నిజం. "చదువుతున్నానమ్మాయ్" అన్నారు.

మిగతా ఇద్దరి పేజీల్లో అక్కడొక గీత, ఇక్కడొక గీత ఉన్నాయి. నీ పేజీలు మాత్రం, మార్చివి శుభ్రంగా ఉన్నాయి. ఏప్రిల్‌నుంచి ఎరుపు తప్ప నలుపు కనబడటం లేదు. ఒకచోట మోతాదు తప్పు, ఒకచోట మందే తప్పు. అన్నీ ఆయనే సరిచేసి పంపారు.

నువ్వు మే రెండో తారీకున "పెద్దగా దిద్దుళ్లేమీ ఉండవు" అని రాశావు. ఆ ఉత్తరం నా ముందుంది. ఎందుకు రాశావు? అరవను. ఫోను చేయను. రాసి చెప్పు.

అక్క

*

జూలై 9

అక్కా,

బతిమాలుకోవడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మార్చి బాగానే గడిచింది. ఏప్రిల్‌లో ఏదో అయింది. పొద్దున ఎనిమిదిన్నరకి వాళ్లిద్దరూ వెళ్లిపోతారు. పదింటికి మీటింగు అయిపోతుంది. తర్వాత సాయంత్రందాకా ఇంట్లో గోడలూ నేనూ. ఒక వాక్యం చదువుతాను, మళ్లీ అదే చదువుతాను. అరగంట గడుస్తుంది. ఉద్యోగం లేని రెండేళ్లూ ఇదే గదిలో, ఇదే కిటికీ చూస్తూ కూర్చున్నాను కదా, ఉద్యోగం వచ్చినా నా ఒళ్లు ఆ రోజుల్లోనే ఉండిపోయింది. మనిషి గొంతు వినడానికి కూరగాయల కొట్టుకి వెళ్లేవాణ్ని. అక్కర్లేని ఉల్లిపాయలు కొనేవాణ్ని. కొన్నాళ్లకి బస్సెక్కి చివరి స్టాపుదాకా వెళ్లి తిరిగి వచ్చేవాణ్ని. నీకు చెప్పొచ్చు. "ఒంటరిగా ఉండలేకపోతున్నాను" అని నలభై నాలుగేళ్లవాడు, కూర్చోబెట్టి పని ఇచ్చిన అక్కకి ఎలా చెబుతాడు?

సరిగ్గా అప్పుడే నువ్వు ఆ ప్రోగ్రాం పెట్టావు. నేను చెప్పిందే. నా గీత ఎంత పచ్చగా ఉండేదో రాశావు. ఎలాగో విను. చేతిగడియారం బల్లమీద పెట్టి, దాని అద్దం మీద మౌస్ పెడితే, కింద సెకన్ల ముల్లు తిరుగుతుంటే తెరమీద బాణం కదులుతూనే ఉంటుంది. అది నాన్న గడియారం. ఆయన పోయాక నువ్వు నాకిచ్చావే, అదే. ముప్ఫై ఏళ్లు ఒక్క నిమిషం ఆలస్యంగా డ్యూటీకి వెళ్లని మనిషి గడియారాన్ని నాకు బదులు కూర్చోబెట్టి నేను వీధులు తిరిగాను.

నాలుగింటికి వచ్చి, పాత కాగితం మీద కొత్త మందు పేరు మార్చి, కిందా మీదా సర్ది పంపేసేవాణ్ని. ఆ "రోజుకు ఒక మాత్ర" వేరే మందుది. మార్చడం మరిచిపోయాను.

ఇంకోటుంది. ఇది రాయడానికే చెయ్యి రావడం లేదు. ఏప్రిల్ మధ్యలో మాస్టారు నాకు ఫోను చేశారు. "బాబూ, ఒంట్లో బాగుండటం లేదా? మొదటి నెల కాగితాలూ, ఇవీ ఒక్క చేతివి కావు" అన్నారు. నేను, "జ్వరమండీ, తగ్గడం లేదు" అన్నాను. "అయ్యో, అక్కకి చెప్పావా? కంగారు పడుతుందనా? సరేలే, తగ్గేదాకా నేను చూసుకుంటాను, నువ్వు పడుకో" అన్నారు. ఆ తర్వాత కొద్దిరోజులకే నువ్వు నన్ను ఆయన గురించి అడిగావు. దిద్దుతున్నారని రాస్తే నా కాగితాలు తీసి చూస్తావని భయపడ్డాను. అందుకని అలా రాశాను. సోమవారం నువ్వు నా గీత పక్కన ఆయన గీత పెట్టినప్పుడు నేను తలదించుకున్నది మెత్తటి మనసుతో కాదు. గడియారం ఆ క్షణంలో కూడా మౌస్ కిందే ఉంది.

నీ మరదలికి అంతా చెప్పాను. తను గడియారం తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. పెట్టెలు నింపే ఆవిడ చదవకపోయి ఉంటే ఆ మాత్రలు వేసుకున్నవాళ్ల రక్తం తన ల్యాబుకే వచ్చేది.

నన్ను పనిలోంచి తీసేయ్. నువ్వు తీసేస్తే నాకు కాస్త తేలిక.

తమ్ముడు

*

జూలై 25

తమ్ముడికి,

నీ ఉత్తరం సంచిలో పెట్టుకుని మాస్టారింటికి వెళ్లాను. పద్నాలుగేళ్లలో ఆ ఇంటికి వెళ్లడం ఇదే మొదటిసారని గుమ్మం ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది. రెండు బస్సులు మారి వెళ్లాను. అన్నేళ్లు ఆయన ఎలా వచ్చారో!

కిటికీ పక్కన బల్ల, బల్లమీద స్కేలు, భూతద్దం. పని లేకపోయినా ఆయన పాత పత్రిక ఒకటి పెట్టుకుని దిద్దుతున్నారు. నన్ను చూసి లేచారు. నేను క్షమాపణ చెబుదామని ఏవేవో మాటలు బస్సులో కూర్చుకున్నాను. ఆయన వాటికి సందే ఇవ్వలేదు. కుర్చీ చూపించి, "మీ తమ్ముడికి జ్వరం తగ్గిందా?" అని అడిగారు.

ఎంత సిగ్గుపడ్డానో ఏం చెప్పను. "జ్వరం లేదు మాస్టారూ" అని మొదలుపెట్టి, చివరిదాకా చెప్పాను. ఆయన దేవుడిలా నవ్వి ఊరుకోలేదు. ముఖం ఎర్రబడింది. "రెండు నెలలు వాడికోసం కళ్లు పొడుచుకున్నాను" అన్నారు. లేచి లోపలికి వెళ్లిపోయారు. వాళ్లావిడ మంచినీళ్లు తెచ్చి పెట్టి, నావైపు చూడకుండా, "ఆ సోమవారంనుంచి ఈయన సరిగా తినడం లేదమ్మా" అని చెప్పి వెళ్లింది. పావుగంట ఒక్కదాన్నే కూర్చున్నాను. నీళ్లు తాగడానికి కూడా అర్హత లేదనిపించింది.

తిరిగొచ్చి అన్నారు: "అమ్మాయ్, నన్ను ఒక్కసారి ఇంటికొచ్చి చూసుంటే సరిపోయేది. పోనీ, 'మాస్టారూ, మీ కాగితాలు చూపించండి' అన్నా సరిపోయేది. పద్నాలుగేళ్ల మనిషిని వదిలేసి నిన్నటి గీతని నమ్మావు."

"మీరేం చేయమంటే అది చేస్తాను" అన్నాను.

"ఇక్కడ, నా ఇంట్లో, ఎవరూ లేనప్పుడు చెప్పడం తేలిక. ఎక్కడన్నావో అక్కడే చెప్పు."

చెప్పాను. మొన్న సోమవారం నువ్వు రాలేదు, అందుకని రాస్తున్నాను. అదే తెరమీద, అదే మనుషుల ముందు, గీతలు చదవడం నాకు రాదని, ఆయన్ని అన్యాయంగా అన్నానని, తప్పు కాగితం మన దగ్గరినుంచే వెళ్లిందని చెప్పాను. నీ పేరు చెప్పలేదు. అది నువ్వు చెప్పుకోవాల్సింది. ప్రోగ్రాం తీసేశానని చెప్పగానే బొమ్మలమ్మాయి ఏడ్చేసింది. "పాపకి పాలిచ్చేటప్పుడు కూడా ఒక చేత్తో మౌస్ కదుపుతూ ఉండేదాన్ని మేడమ్. పాప నావైపు చూస్తుంటే నేను తెరవైపు చూసేదాన్ని" అంది. ఆ పాప కోసమే కదా ఆఫీసు తీసేశానని నాకు నేను చెప్పుకున్నది.

ఇక నీ సంగతి. నిన్ను తీసేయను. తీసేస్తే నీకు తేలికని నువ్వే రాశావు, ఆ తేలిక నీకివ్వను. కానీ క్షమించానని కూడా అనుకోకు. ఇంకా కోపంగానే ఉంది. నీమీదా, నీ ఒంటరితనం నాలుగు నెలలు తెరమీద ఎదురుగా కూర్చుంటే చూడలేని నామీదా.

మాస్టారు మళ్లీ పనిలోకి వస్తానన్నారు. నీకు ఒక్క మాట చెప్పమన్నారు. "రమ్మను. తెరమీద కాదు, ఈ కుర్చీలో."

అక్క

*

ఆగస్టు 19

అక్కకి,

మాస్టారింట్లో వాళ్ల కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. వచ్చి ఆరు రోజులైంది. మీ ఊళ్లోనే ఉండి నీ ఇంటికి రాలేదని కోపగించుకోకు. ముందు ఇక్కడ నిలబడగలిగితే తప్ప అక్కడికి రాలేను.

మొదటిరోజు ఆయన నన్ను ఏమీ అడగలేదు. నేనే చెప్పాను, జ్వరం అబద్ధమని. "తెలుసు" అన్నారు. "మీరు నాకోసం దిద్దారని తెలిసీ అక్కకి అలా రాశాను" అన్నాను. "అదీ తెలుసు. కూర్చో" అన్నారు. ఒక కాగితం నా చేతికిచ్చి, "పైకి చదువు" అన్నారు. పూర్వం అచ్చుకూటాల్లో ఇలాగే చేసేవాళ్లట, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు అసలు ప్రతి పట్టుకుని చూపుతో వెంబడించేవాళ్లు. కామా వస్తే "కామా" అనాలి, చుక్క వస్తే "చుక్క" అనాలి. ఒక గంట చదివేసరికి గొంతు ఎండిపోయింది. ఏప్రిల్ తర్వాత నేను ఒక పేజీ మొత్తం చదవడం అదే మొదటిసారి.

సోమవారం మీటింగులో ఆయన కంప్యూటర్ నుంచే, ఆయన పక్కనే కూర్చుని, నేను అందరికీ చెప్పింది నువ్వు విన్నావు. గడియారం సంగతి చెబుతున్నప్పుడు ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నవ్వేసి ఉంటే బాగుండేదనిపించింది.

నేను ఊరికి వెళ్లాక కూడా ఇలాగే చేద్దామని అనుకున్నాం. రోజూ పదిన్నరనుంచి ఒంటిగంటదాకా ఫోను పెట్టుకుని, నేను చదవడం, ఆయన చూడటం. తర్వాత ఆయన చదవడం, నేను చూడటం. ఎవరి కాగితం వాళ్లు చూసుకోకూడదు. నీకు ఇష్టమైతేనే.

ఈ ఉత్తరం అసలు రాస్తున్నది వేరే విషయానికి. నిన్న ఆయన చూస్తూ, నేను చదువుతూ ఒక పేజీ ముగించాం. చక్కెరజబ్బు మందు కాగితం. "సరిగ్గా ఉంది, పంపెయ్" అన్నారు. తర్వాత ఆయన ముందున్న అసలు ప్రతి చూస్తే, అందులో "భోజనానికి ముందు" అని ఉంది. నా చేతిలోని కాగితంలో ఉన్నదీ, నేను చదివిందీ "భోజనం తర్వాత". ఆయన ఆ వరస మీద స్కేలు పెట్టుకునే విన్నారు. పట్టుకోలేదు.

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. నా తప్పుల్ని రెండు నెలలు కప్పిపెట్టిన మనిషి తప్పు నేను ఎత్తిచూపడమా అనిపించింది. నేనే గుట్టుగా దిద్దేసి పంపేస్తే పోతుంది కదా అనిపించింది. పెన్ను తీశాను కూడా. అలా గుట్టుగా దిద్దడంతోనే కదా మనం ఇంతదూరం వచ్చాం అనిపించి, "మాస్టారూ, నాలుగో వరస" అన్నాను.

ఆయన భూతద్దం తీసి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత భూతద్దం బల్లమీద బోర్లించి, "ఎడమ కన్ను ఏడాదినుంచి సరిగా లేదు బాబూ" అన్నారు. "ఆరోజు కెమెరా ముందు అంత దగ్గరగా కూర్చున్నది అందుకే. పని పోతుందని మీ అక్కకి చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు."

ఆయన తలదించుకున్నారక్కా. నేను చూడలేకపోయాను.

"నేను చెప్పనా?" అని అడిగాను. "నాకు సిగ్గుగా ఉంది, నువ్వే రాయి" అన్నారు. అందుకని రాస్తున్నాను. వచ్చే బుధవారం పదకొండింటికి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళుతున్నాను. రెండు బస్సులు మారాలి, ఆయనకి మోకాళ్ల నొప్పి. ఆపరేషన్ అంటారేమోనని లోపల భయం, పైకి ఒప్పుకోరు. నువ్వు వస్తే బాగుంటుంది. ఆయన రమ్మని అనలేదు. రావద్దని కూడా అనలేదు.

ఈ ఉత్తరం పంపే ముందు ఆయనకి పైకి చదివి వినిపించాను. ఏమీ మార్చమనలేదు.

తమ్ముడు